చాండ్లర్‌లో స్నానపు తొట్టిలో తేలు: పాకే బిడ్డ ఉన్న ఇంట్లో దేనికి ఎంత భయపడాలి?

అడిగినవారు: అనంతపురం కోడలు

అందరికీ నమస్కారం. మేము మే నెలలో న్యూజెర్సీ నుంచి ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌కు మారాము. మా అద్దె ఇంటి వెనుక సిమెంటు ఇటుకల ప్రహరీ, దాని అవతల వాన పడినప్పుడు మాత్రమే నీళ్లు పారే ఇసుక వాగు ఉన్నాయి. మా పాపకు పదకొండు నెలలు. ఇప్పుడిప్పుడే ఇల్లంతా పాకుతోంది, చేతికందిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటోంది.

మొన్న ఉదయం మా అత్తగారు స్నానపు తొట్టిలో ఒక తేలును చూశారు. అది ఎండుగడ్డి రంగులో, రెండంగుళాలకు మించకుండా, తోకను పైకెత్తకుండా పక్కకు చుట్టుకుని ఉంది; తొట్టి అంచు ఎక్కబోయి జారి మళ్లీ అడుగుకే చేరుతోంది. ఆవిడ అనంతపురం జిల్లా పల్లెలో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి ఏ మాత్రం తొణకకుండా చెప్పుతో ఒక్క దెబ్బ వేసి, "మా ఊళ్లో దీనికి మూడింతలుండే మండ్రగబ్బలను చూశాను, ఇది పిల్ల తేలు" అని తేల్చేశారు. ఫోటో చూసిన పక్కింటావిడ మాత్రం, ఈ ప్రాంతంలో భయపడవలసింది సరిగ్గా ఈ చిన్నదానికేనని చెప్పింది.

ఇది చాలదన్నట్టు గ్యారేజీలో నీళ్ల హీటరు వెనుక నిగనిగలాడే నల్ల సాలీడు ఒకటి చిక్కుబడిన దారపుండలాంటి గూడు కట్టింది. పోయిన వారం సాయంత్రపు నడకలో అరచేతంత బొచ్చు సాలీడు దారి దాటడం చూసిన మా వారు ఆ రోజు నుంచి నడకే మానేశారు. పురుగుల మందు కొట్టే ఒక సంస్థ వారు వచ్చి, అన్నిటికీ తమ మందు ఒక్కటే చాలునని, నెల నెలా కొట్టించుకునేలా ఏడాది ఒప్పందం రాసుకోమని అడుగుతున్నారు. వీటిలో నిజంగా ప్రమాదకరమైనవి ఏవి, పాపను తేలు కుడితే మొట్టమొదట ఏం చేయాలి, ఆ మందు వల్ల ఉపయోగం ఉందా అన్నవి అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం: టెంపీ పాతకాపు

మీ వర్ణనను బట్టి మీ అత్తగారు చంపినది పిల్ల తేలు కాదు, పూర్తిగా ఎదిగిన బార్క్ స్కార్పియన్. అరిజోనాలో తేళ్ల జాతులు పదుల సంఖ్యలో ఉన్నా వైద్యులు పట్టించుకునేది దీనినొక్కదానినే. అనంతపురం లెక్కలోనే చెప్పాలంటే, అక్కడ కూడా నల్లగా బలంగా కనిపించే మండ్రగబ్బ కంటే చిన్న ఎర్రతేలే ప్రాణం మీదికి తెస్తుంది కదా, ఇక్కడా అంతే. ఈ ఎడారిలో అయిదారు అంగుళాల దాకా పెరిగే బొచ్చు తేలు ఒకటి ఉంది. చూస్తే గుండె ఝల్లుమంటుంది గాని, దాని కాటు దాదాపు తేనెటీగ కుట్టినట్టే ఉంటుంది. మొత్తం మీద చూడవలసింది ముందున్న పట్టుకొమ్ములను: అవి లావుగా ఉన్న తేలు బలంతో వేటాడుతుంది, సన్నగా పొడుగ్గా ఉన్న తేలు విషం మీద ఆధారపడుతుంది. ఈ లెక్క అన్ని జాతులకూ తు.చ. తప్పకుండా వర్తించదు గాని, మన రెండు ఊళ్లకూ సరిపోతుంది.

ఈ తేలుకున్న మరో గుణం గోడలెక్కడం. మిగతా తేళ్లు నేలను పట్టుకుని ఉంటే, ఇది చెట్టు బెరడు, గోడ, కప్పు దేనినైనా ఎక్కి తలకిందులుగా వేలాడుతుంది. బల్లమీద ఉంచిన పళ్లెం కింద, మడత పెట్టిన తువ్వాలు అడుగున, కుర్చీ సీటు కింది భాగంలో నాకు కనిపించింది. కాబట్టి ఏదైనా ఎత్తేటప్పుడు వేళ్లు అడుగుకు పోనిచ్చి ఎత్తే అలవాటు ఈ ఊళ్లో మానుకోవాలి. అయితే దానికి నున్నని గాజు, పింగాణీ మీద పట్టు దొరకదు, మీ తొట్టిలోది పైకి రాలేకపోయింది అందుకే. ఇక్కడి పాతతరం వారు ఈ బలహీనతనే ఆసరా చేసుకుని పిల్లల మంచం నాలుగు కాళ్ల కింద నాలుగు వెడల్పు మూతి గాజు సీసాలు పెట్టేవారు. నేనూ మా అబ్బాయి పుట్టినప్పుడు అలాగే చేశాను. సీసాలు దుమ్ము పట్టకుండా తుడుస్తూ ఉండాలి, మంచం గోడకు ఆనకూడదు, దుప్పటి అంచు నేలకు జారకూడదు. కప్పు మీద నుంచి పడే అవకాశం కూడా ఉంది గనుక పైన సన్నని వల కడితే మంచిది.

ఇక మీరు తప్పకుండా కొనవలసింది యూవీ టార్చి. తేలు పై పెంకు ఆ కాంతిలో నీలం కలిసిన పచ్చరంగులో వెలుగుతుంది, పది పన్నెండు అడుగుల దూరం నుంచే స్పష్టంగా కనిపిస్తుంది. చీకటి పడిన రెండు గంటల తర్వాత మూసి ఉన్న బూట్లు వేసుకుని మీ ప్రహరీ గోడ వెంట ఒకసారి నడవండి. ఇటుకల మధ్య బోలుగా ఉండే ఆ గోడలు వీటికి పగటి నివాసాలు. ఎక్కడ ఎక్కువగా కనిపిస్తే అక్కడి నుంచి ఇంట్లోకి దారి వెతకండి. బ్యాంకు కార్డు మందం ఉన్న సందు దానికి చాలు. తలుపుల కింద రబ్బరు పట్టీలు బిగించడం, గోడలోకి పైపులు పోయేచోట సిలికాన్‌తో పూడ్చడం, ఏడాది పొడుగునా మందు కొట్టించడం కంటే మేలని నా అభిప్రాయం. మామూలు మోతాదులో కొట్టే మందుకు తేలు అంత తేలికగా చావదు.

మన వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. గుమ్మం బయట చెప్పులు విడిచే అలవాటు మనది. రాత్రంతా బయట పడి ఉన్న బూటు దానికి చీకటి గుహ లాంటిది. మా ఇంట్లో తేలు కుట్టిన ఇద్దరిలో ఒకరిని బూటులో, ఇంకొకరిని స్నానం తర్వాత చుట్టుకున్న తువ్వాలులో కుట్టింది. దులిపి వేసుకోవడం మీ అత్తగారికి చిన్నప్పటి నుంచి అలవాటే అయి ఉంటుంది, మర్చిపోయినది మనమే.

సమాధానం: మేసా నర్సు

నేను ఇక్కడి ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేస్తున్నాను. వేసవి రాత్రుల్లో తేలు కుట్టి వచ్చేవారు మాకు కొత్త కాదు. పెద్దవారిలో చాలామందికి ఇంటి వద్ద జాగ్రత్త సరిపోతుంది: కుట్టిన చోట సబ్బుతో కడిగి, చల్లని గుడ్డ వేసి, మామూలు నొప్పి మాత్ర వేసుకోవాలి. వాపు, ఎరుపు పెద్దగా ఉండవు, అందుకే కొందరు తేలు కాదేమో అనుకుంటారు. వేలితో మెల్లగా తట్టినప్పుడు కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమంటే బార్క్ స్కార్పియన్ అని అనుమానించాలి. ఆ తిమ్మిరి, మంట ఒకటి నుంచి మూడు రోజులు ఉండవచ్చు.

పసిపిల్లల విషయం వేరు. ఈ విషం నరాల మీద పనిచేస్తుంది, పిల్లల శరీర బరువు తక్కువ. కుట్టిన కొద్దిసేపటికే ఎంత ఊరుకోబెట్టినా ఆగని ఏడుపు, నోటి నుంచి చొంగ, నాలుక అదరడం, చేతులూ కాళ్లూ అదుపు లేకుండా కొట్టుకోవడం, కనుగుడ్లు ఒకదానికొకటి పొంతన లేకుండా తిరగడం వంటివి మొదలవుతాయి. తల్లిదండ్రులు దీనిని మూర్ఛ అని పొరబడతారు, కాని బిడ్డకు స్పృహ ఉంటుంది. ఊపిరి అందకపోవడమే అసలు ప్రమాదం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 911కు ఫోన్ చేయండి. ఏమీ కనిపించకపోయినా, పదకొండు నెలల బిడ్డను తేలు కుట్టిందని తెలిసిన వెంటనే విష సమాచార కేంద్రం వారి 1-800-222-1222 నంబరుకు ఫోన్ చేసి వారు చెప్పినట్టు చేయండి. అది దేశమంతటికీ ఒకటే నంబరు, ఇరవై నాలుగు గంటలూ మనుషులుంటారు, డబ్బు తీసుకోరు. ఈ నంబరు మీ అత్తగారి ఫోనులోనూ ఉండాలి, ఎందుకంటే పగలు పాప దగ్గర ఉండేది ఆవిడే.

విరుగుడు మందు పేరు అనాస్కార్ప్. మెక్సికోలో గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది, అమెరికా ప్రభుత్వ అనుమతి 2011లో వచ్చింది. అంతకు ముందు 2009లో ప్రచురితమైన ఒక పరీక్షలో, తీవ్రస్థితిలో ఉన్న 15 మంది పిల్లల్లో ఈ మందు పొందిన 8 మందికీ నాలుగు గంటల్లోగా లక్షణాలు పూర్తిగా తగ్గిపోగా, మందు లేని ద్రావణం పొందిన 7 గురిలో ఒక్కరికే తగ్గాయి. కళ్లు తిరిగిపోతూ చేతులు కొట్టుకుంటున్న బిడ్డ మందు ఎక్కిన కాసేపటికి పాలసీసా అడగడం నేను కళ్లారా చూశాను. అయితే అన్ని ఆసుపత్రుల్లోనూ ఇది నిల్వ ఉండదు, ఖరీదు కూడా ఎక్కువే. మీకు దగ్గరలోని ఏ ఆసుపత్రిలో పిల్లలకు ఇస్తారో, మీ బీమా ఎంతవరకు భరిస్తుందో ముందే కనుక్కోండి.

మరో మాట కూడా చెప్పాలి. మన వైపు తేలు కుట్టగానే చింతగింజను బండ మీద అరగదీసి, వేడిగా ఉండగానే గాయానికి అంటిస్తారు, ఉత్తరేణి ఆకు నూరి కడతారు. కుట్టిన వాటిలో అత్యధికం తమంతట తామే తగ్గుతాయి కాబట్టి చింతగింజకు ఆ పేరు దక్కింది. పెద్దవారి వేలికి అంటించుకుంటే నష్టమేమీ లేదు గాని, బిడ్డ విషయంలో గింజ అరగదీసే అయిదు నిమిషాలు కూడా విలువైనవే. అలాగే ఇండియాలోని వైద్యులకు ఫోన్ చేస్తే వారు ప్రజోసిన్ పేరు చెప్పవచ్చు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బవస్కర్ ఎర్రతేలు కాటుకు ఆ మందును వాడి ఎందరినో బతికించిన మాట నిజం, కాని ఎర్రతేలు విషం గుండెను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఇక్కడి తేలు విషం తీరు అది కాదు, దాని చికిత్స దీనికి పనికిరాదు.

సమాధానం: టూసాన్ కొండదారుల మనిషి

తేళ్ల గురించి పెద్దలు చెప్పారు, నేను సాలీళ్ల సంగతి చెబుతాను. అయితే పాతకాపు గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. మందు తేలును నేరుగా చంపకపోవచ్చు గాని, తేలు తినే కీచురాళ్లను, బొద్దింకలను తగ్గిస్తుంది. మేత లేని చోట తేలు ఎక్కువ కాలం ఉండదు. ఏడాది ఒప్పందం అవసరమా అంటే కాదనే అంటాను, మందు పూర్తిగా వృథా అని మాత్రం అనను. కోళ్లను పెంచితే తేళ్లను ఏరుకుని తింటాయని కూడా ఇక్కడ కొందరు సలహా ఇస్తారు. కోళ్లు పొద్దుగూకగానే గూటికి చేరతాయి, తేళ్లు ఆ తర్వాతే బయటికి వస్తాయి. ఆ సలహా ఇచ్చేవారు ఈ చిన్న సంగతి మరచిపోతారు.

మీ గ్యారేజీలోనిది బ్లాక్ విడో అనే ఆడ సాలీడు కావచ్చు. రాత్రి టార్చి వేసి దూరం నుంచి చూడండి. అది గూటిలో వెల్లకిలా వేలాడుతుంది కాబట్టి పొట్ట అడుగున ఎర్రటి డమరుకం గుర్తు పైకే కనిపిస్తుంది. దాని గూడు వలయాలుగా అందంగా అల్లినట్టుండదు, ఎటుబడితే అటు లాగిన దారాలలాగా ఉంటుంది; చీపురుపుల్లతో లాగితే ఆ దారాలు చిటచిటమని చప్పుడు చేస్తూ తెగుతాయి. మరే సాలెగూడులోనూ అంత గట్టి దారం నాకు తగల్లేదు. ఆ చప్పుడు ఒకసారి విన్నవారు చీకట్లో కూడా ఆ గూటిని పోల్చుకుంటారు.

ఈ సాలీడు వెంటపడి కరవదు. మనం తెలియక చేతితో నొక్కినప్పుడు, తోటపని తొడుగులో వేళ్లు దూర్చినప్పుడు, ప్లాస్టిక్ కుర్చీ అంచు కింద చేయి వేసినప్పుడు కరుస్తుంది. కరిచిన చోట గుండుసూది గుచ్చినంతే ఉండవచ్చు, గంట గడిచేసరికి నొప్పి పైకి పాకి నడుము, పొట్ట కండరాలు బిగుసుకుపోతాయి, చెమటలు పడతాయి. పొట్ట బల్లలాగా గట్టిపడడం చూసి అపెండిసైటిస్ అని పొరబడిన సందర్భాలు వైద్యంలో ప్రసిద్ధం. చావులు మాత్రం బహు అరుదు. నొప్పి తగ్గించే మందులతో, కండరాలను సడలించే మందులతో చాలామంది కోలుకుంటారు. పాకే బిడ్డ ఉన్న ఇల్లు కాబట్టి మీరు దానిని ఉంచుకోనక్కరలేదు. పొడుగు చీపురుతో గూడు, దూదిపింజెలాంటి గుడ్ల సంచి రెండూ తీసి నలిపేయండి. సంచిని వదిలేస్తే వందలాది పిల్లలు బయటికి వస్తాయి.

గోధుమరంగు సాలీడు, అంటే వీపు మీద వయొలిన్ గుర్తు ఉండేది, దాని పేరు మీరు ఇప్పటికే విని ఉంటారు. ఇంటర్నెట్‌లో కుళ్లిన గాయాల ఫోటోలతో భయపెట్టే బ్రౌన్ రెక్లూజ్ అరిజోనాకు చెందినది కాదు, ఇక్కడున్నది దాని దాయాది. కరిస్తే పుండు పడే మాట నిజమే గాని, అది కట్టెల మోపుల కింద, అడవి ఎలుకల గూళ్లలో దాక్కునే జీవి, నగరం నడుమ ఇళ్లలో కనిపించడం తక్కువ. "సాలీడు కరిచింది" అంటూ వచ్చే పుండ్లలో ఎన్నో నిజానికి బాక్టీరియా వల్ల వచ్చినవేనని చర్మవైద్యులు చెబుతారు.

ఇక మీ వారిని నడక మాన్పించిన బొచ్చు సాలీడు టరాంటులా. వానల కాలం మొదలయ్యాక మగవి ఆడవాటిని వెతుక్కుంటూ దారులు దాటుతాయి, మీ వారికి ఎదురైనది అలాంటి పెళ్లికొడుకే. దాని కాటు మనిషికి ప్రమాదం కాదు. మరీ విసిగిస్తే వెనుక కాళ్లతో పొట్ట మీది బొచ్చును మన మీదికి రాలుస్తుంది, అది కళ్లలో పడితే దురద, మంట తప్పవు. దాని కంటే, దానిని వేటాడే కందిరీగకు దూరంగా ఉండమంటాను. నీలినలుపు ఒళ్లు, నారింజరంగు రెక్కలతో ఉండే ఆ టరాంటులా హాక్ కాటును, కీటకాల కాట్లను తన ఒంటిమీదే కొలిచిన టూసాన్ శాస్త్రవేత్త జస్టిన్ ష్మిట్ తన నొప్పి పట్టికలో అన్నిటికన్నా పై మెట్టు మీద, అంటే 4వ స్థాయిలో పెట్టారు. ఆ నొప్పి కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది, కాని ఆ కొద్ది నిమిషాలూ కింద పడుకుని అరవడం తప్ప మరేమీ చేయలేమని ఆయనే రాశారు.

సమాధానం: పాత కువైట్ డ్రైవర్, రాయచోటి

కువైట్ ఎడారిలో పదకొండేళ్లు బండి నడిపాను. అక్కడ ఒంటె సాలీడు మనిషిని తరుముతుందని, నిద్రలో మాంసం కొరుకుతుందని కొత్తగా వచ్చిన ప్రతివారినీ భయపెట్టేవారు, నేనూ మొదటి ఏడాది క్యాంపులో మంచం దిగకుండా పడుకున్నాను. అది అసలు సాలీడే కాదు, దానికి విషం లేదు. ఎండలో నీడ కోసం పరుగెత్తుతుంది, ఆ సమయానికి నీడ ఇచ్చేది మనమే కాబట్టి మన వెంట వస్తుంది. మనం పరుగెత్తితే నీడ కూడా పరుగెత్తుతుంది గనుక అదీ పరుగెత్తుతుంది. మీ అరిజోనాలోనూ దాని చిన్న చుట్టం ఉందని విన్నాను. కనిపిస్తే చీపురుతో బయటికి తోసేయండి.

అడిగినవారు: అనంతపురం కోడలు

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. గ్యారేజీ గూడు తీసేశాము, చిటచిట చప్పుడు నిజంగానే వినిపించింది, డమరుకం గుర్తు కూడా చూశాము. ఇంకొక్క సందేహం. అత్తగారికి రోజూ సాయంత్రం వాగు వెంట నడవడం అలవాటు. పాముల భయం ఉంటే మధ్యాహ్నం పూట నడవమని చెప్పాలా?

సమాధానం: టూసాన్ కొండదారుల మనిషి

మధ్యాహ్నం మాత్రం వద్దు. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో 2023లో ఎండదెబ్బ సంబంధమైన మరణాలు 645; ఏ పామూ, ఏ తేలూ ఆ లెక్కకు దరిదాపుల్లోకి రావు.

వేసవిలో రాటిల్ స్నేక్, అంటే తోక చివర గిలక ఉండే విషపాము కూడా మనలాగే ఎండకు తాళలేక సాయంత్రాలు, రాత్రులు తిరుగుతుంది, చిక్కు అక్కడే వస్తుంది. అరిజోనాలో వాటి జాతులు 13 ఉన్నాయి. ఆవిడను ఇసుక వాగులో కాకుండా వెడల్పు కాలిబాట మీద, చేతిలో టార్చితో నడవమనండి. గిలక చప్పుడు వినిపిస్తే కదలకుండా నిలబడి, అది ఎక్కడుందో చూసుకుని వెనక్కి తగ్గాలి. అయితే ప్రతి పామూ హెచ్చరించే కరుస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. కరిస్తే గుడ్డ బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, ఐసు పెట్టడం మూడూ హానికరం. గాజులు, ఉంగరాలు వెంటనే తీసేసి, వాపు పెరగకముందే ఆసుపత్రికి చేర్చాలి. ఆవిడ చేతినిండా గాజులు వేసుకునే మనిషైతే ఈ మాట ముందే చెప్పి ఉంచండి. మన దేశంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు వాడే విరుగుడు ఇక్కడి పాములకు పనిచేయదు, ఇక్కడి మందులు వేరు.

ఉడుమును పోలిన, నలుపు నారింజ పూసల చర్మంతో ఉండే బల్లి కనిపిస్తే అది గీలా మాన్‌స్టర్. విషం ఉన్న అతికొద్ది బల్లుల్లో అది ఒకటి, కరిస్తే పట్టు వదలదు, కాని తానుగా మీదికి రాదు. 1952 నుంచి దానికి చట్టరక్షణ ఉంది, చెప్పు తీయవద్దని అత్తగారికి చెప్పండి. 2005లో అనుమతి పొందిన ఎక్సెనటైడ్ అనే మధుమేహపు ఇంజెక్షనుకు మూలం దాని విషంలో దొరికిన పదార్థమే.

అడిగినవారు: అనంతపురం కోడలు

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు యూవీ టార్చితో గోడ వెంట నడిచాము. ముప్పై అడుగుల గోడ మీద తొమ్మిది తేళ్లు లెక్కపెట్టాను. ఎనిమిది గోడకు అతుక్కుని ఉన్నాయి, తొమ్మిదోది కుళాయి దగ్గర వీపు నిండా పిల్లలను మోసుకుంటూ కనిపించింది. అత్తగారు చెప్పు ఎత్తి, పిల్లల తల్లి అని కాసేపు ఆగారు. నేను పొడుగు పట్టకారుతో అన్నిటినీ సబ్బునీళ్ల సీసాలో వేశాను. కుళాయి పైపు గోడలోకి పోయేచోట వేలు పట్టేంత సందు ఉంది, అది సరిగ్గా స్నానాలగది వెనుక గోడ. ఇంటి యజమానికి ఫోటో పంపాను, శనివారం మనిషిని పంపి పూడ్పిస్తానన్నారు. అప్పటిదాకా ఆ సందులో స్టీలు పీచు కుక్కి ఉంచాను, పాప మంచం కాళ్ల కింద ఆవకాయ సీసాలు నాలుగు ఖాళీ చేసి పెట్టాను.